బస్సెక్కిన పడవ

శుక్రవారం ఉదయం ఐదుంబావుకి కువైట్‌లోని హవల్లీలో మా బిల్డింగు గుమ్మం దగ్గర సామానంతా మరోసారి చూసుకున్నాను. గాలి తీసి చుట్టిన ఇద్దరి కయాక్ ఒక పెద్ద సంచిలో ఉంది, బరువు పదిహేడు కిలోలు. విడదీసిన తెడ్లు, కాలితో తొక్కే పంపు, రెండు లైఫ్ జాకెట్లు, గాలం కర్ర, ఎర రొయ్యలున్న ఐసు పెట్టె, నీళ్ళు, ఆరు చపాతీలు, బంగాళాదుంప కూర. మాకున్నది ఒక్కటే కారు. అది అప్పటికే మా ఆయనతో షువైఖ్ డ్యూటీకి వెళ్ళిపోయింది. నాకు డ్రైవింగ్ లైసెన్సు లేదు. అందుకే నా పడవ ఎప్పుడూ బస్సెక్కే సముద్రానికి వెళ్తుంది.

నేను ఇక్కడ ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పుట్టి పెరిగింది విజయవాడ కాబట్టి నది తెలుసు, సముద్రం తెలీదు. మూడేళ్ళ క్రితం మా స్కూల్లో పనిచేసే ఫిలిప్పీన్స్ టీచరు దేశం వదిలి వెళ్తూ ఈ గాలి పడవ నాకు చౌకగా ఇచ్చింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు వైపులా ఆకులున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ ఇది. ఊపిరి ఆడనట్టుండే ఫ్లాట్ల మధ్య బతికే నాకు, నీళ్ళ మీద ఒక గంట కూర్చుంటే వారమంతా తేలిగ్గా గడిచేది. తర్వాత గాలం కూడా అలవాటైంది.

గాలంతోనే చిక్కులు మొదలయ్యాయి. మొదట్లో ఊరికి దగ్గరగా, బే లోపలే, అంటే అఖాతంలోనే పట్టేదాన్ని. బే లోపల పట్టకూడదన్నారు. సరేనని బయటి తీరానికి మారాను. అక్కడ పర్మిట్ కాయితం కావాలన్నారు. కాయితం కోసం వెళ్తే పడవ నంబరు అడిగారు. గాలి ఊది నడిపే పడవకి నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? నంబరిచ్చే ఇంకో ఆఫీసుకి వెళ్తే, ఇంజను లేనిదానికి మేం నంబరు ఇవ్వం అన్నారు. ఈలోగా కొన్ని చేపలకి కాలం పెట్టారు, కొన్నిటికి కొలత పెట్టారు. ఒక నెల విన్నది మరుసటి నెలకి మారిపోయేది. రాతపూర్వకంగా ఉన్నదంతా అరబిక్‌లో ఉండేది. మా దాకా వచ్చేది వాట్సాప్‌లో ఎవరో పంపిన సగం ముక్క. దాన్ని ఒకరు ఒకలా, ఇంకొకరు మరొకలా చెప్పేవారు. తప్పు చేస్తున్నానో ఒప్పు చేస్తున్నానో తెలియక ఏడాదిగా గాలం కర్రని తలుపు వెనక పెట్టేశాను. చెప్పొద్దూ, కోపంగానే ఉండేది. ఆ రోజు దక్షిణాన ఖైరాన్ దాకా వెళ్ళి, తీరం మీద గస్తీ వాళ్ళనే నేరుగా అడిగి, అవుననో కాదనో తేల్చుకుందామని బయల్దేరాను.

ఒంటరిగా కాదు. ఐదున్నరకి బస్టాపు దగ్గర టాక్సీ ఆగింది. నూకరత్నం దిగింది.

రత్నంతో నా పరిచయం చేపల మార్కెట్లో జరిగింది. నేనొక చేపని ఎంచుకుని తూకం వెయ్యమంటుంటే వెనక నుంచి తెలుగులో మాట వినపడింది. “అది నిన్నటిదండి. మొప్ప ఎత్తి సూడండి, నల్లబడిపోయింది.” తిరిగి చూస్తే నల్లటి అబాయా వేసుకున్న సన్నటి మనిషి. రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో ఆరేళ్ళుగా పనిచేస్తోంది. ఊరు కాకినాడ అవతల, సముద్రం ఒడ్డునే. నాన్న, అన్నదమ్ములు అందరూ వేటకి వెళ్ళేవాళ్ళే. ఇక్కడికి వచ్చాక మాత్రం సముద్రాన్ని కారు అద్దంలోంచి చూడటమే తప్ప నీళ్ళలో కాలు పెట్టలేదట. నాకొక పడవ ఉందని చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. నెలకి ఒక శుక్రవారం ఆమెకి సెలవు. ఈ శుక్రవారం ఆ సెలవు.

ఐదూ నలభైకి ఫహాహీల్ వెళ్ళే బస్సు వచ్చింది. సగం ఖాళీ. సంచి దారికి అడ్డం పడకుండా కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. వెనక సీట్లో కంపెనీ చొక్కా వేసుకున్న మనిషి కాసేపు ఆ సంచినే చూసి ఆగలేకపోయాడు.

“గీ మూటల ఏమున్నదక్కా?”

“పడవ” అన్నాను.

“పడవనా!” అని పెద్దగా నవ్వాడు. “బస్సుల పడవ పోవుడు గిప్పుడే జూస్తున్న. మాది జగిత్యాల. మంగఫ్‌ల ఉంట. మా రూముల చెప్తె ఒక్కడు నమ్మడు.” ఫోన్‌లో ఆ సంచిని ఫోటో తీసుకున్నాడు. మంగఫ్‌లో దిగేటప్పుడు, “చేపలు దొరికితే మస్తు. దొరక్కపోయినా పైలం అక్కా, గాలి లేస్తది” అన్నాడు.

ఆరూ నలభైకి ఫహాహీల్‌లో దిగి టీ తాగాం. అక్కడి నుంచి ఖైరాన్‌కి బస్సు మీద ఆధారపడటం కష్టం, టాక్సీ బేరమాడుకోవాలి. రానూ పోనూ మాట్లాడుకోకుండా పోవడానికే మాట్లాడుకోవడం మేలు. తిరిగి వచ్చే వేళ మన చేతిలో ఉండదు. పెషావర్ డ్రైవరు పడవ సంచిని డిక్కీలో తాడుతో కట్టి తీసుకెళ్ళాడు. చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజులు. ఎడమవైపు అప్పుడప్పుడూ నీలం గీతలా సముద్రం కనపడేది. కనపడినప్పుడల్లా రత్నం సీట్లో ముందుకి జరిగేది.

ఏడున్నరకి తీరం చేరాం. ఇసుక, కొంచెం దూరంలో సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాళ్ళ గోడ, మొదట్లోనే గస్తీ వాళ్ళ చిన్న గది. బయట కుర్చీలో పాతికేళ్ళ యువ అధికారి కూర్చుని ఉన్నాడు. నేను ఇంగ్లీషులో నా గోడు మొత్తం వెళ్ళబోసుకున్నాను. అతను ఓపిగ్గా విన్నాడు. “ఇక్కడ పట్టుకోవచ్చు. తీరానికి దగ్గరగా ఉండాలి, లైఫ్ జాకెట్ వేసుకోవాలి. కొలత తక్కువున్న చేపని వదిలెయ్యాలి” అన్నాడు. నంబరు మాట ఎత్తలేదు. నేను కూడా తేనెతుట్టెని కదపలేదు. తర్వాత చెయ్యి చాపాడు. “ఇద్దరి సివిల్ ఐడీ కార్డులు.”

నాది తీసి ఇచ్చాను. రత్నం తన ఫోన్‌లో కార్డు ఫోటో చూపించింది.

“ఫోటో కాదు. ఈ వారం నుంచి అసలు కార్డు చూడాలి. పడవలో ఉన్న ప్రతి ఒక్కరిదీ.”

“పోయిన వారం దాకా?”

“పోయిన వారం దాకా ఫోటో చాలు” అన్నాడు. అతని మొహంలో కూడా కొంచెం ఇబ్బంది కనపడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత దూరం వచ్చాక మళ్ళీ ఇంకొకటి. ఎవరు చెప్పారు, ఎక్కడ రాశారు, మాకెలా తెలుస్తుంది అని గొంతు పెంచాను. అతను గది తలుపుకి అంటించిన కాయితం చూపించాడు. అంతా అరబిక్. రత్నం నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“ఆయన్నేం అనకండి టీచర్ గారూ. ఆయన రాసింది కాదు కదండి.”

“కార్డు ఎక్కడుంది రత్నం?”

“మామా అంటే మా ఇంటి మేడమండి, ఆవిడ బీరువాలోనండి. పాస్‌పోర్టూ అదీ అక్కడే ఉంటాయండి.”

“ఫోన్ చేసి వాళ్ళ డ్రైవరుతో పంపమని అడుగుదామా?”

ఆమె తల దించుకుంది. “సాల్మియాలో స్నేహితురాలింటికని సెప్పానండి. సముద్రంలోకంటే పంపరని.”

ఆమె నెలకొక్క శుక్రవారం మీద నిలబడి ఉంది. ఈ అబద్ధం బయటపడితే ఆ ఒక్కటీ పోవచ్చు. వెనక్కి వెళ్ళిపోదాం అన్నాను. నిజంగానే అన్నాను. రత్నం నీళ్ళ అంచుకి నడిచి, సలవారు కొంచెం ఎత్తి పట్టుకుని చీలమండల దాకా దిగి నిలబడింది. ఐదు నిమిషాలైనా అలాగే ఉంది. తిరిగి వచ్చి ఫోన్ తీసింది.

“నేనే సెప్పుకుంటానండి. తిడితే తిట్టనివ్వండి.”

అటు నుంచి వినపడిన గొంతు పెద్దది. రత్నం అరబిక్ నాకు సగమే అర్థమవుతుంది. ఖైరాన్ అంది, సముద్రం అంది, కార్డు అంది, మధ్యలో నాలుగైదు సార్లు క్షమించమంది. తర్వాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. ఫోన్ పెట్టేసి ఇసుకలో కూర్చుంది.

“ఏమన్నారు?”

“ఎంతమంది ఉన్నారు, మగవాళ్ళున్నారా అన్నారండి. మీ పేరు అడిగారు. మీరు టీచరని సెప్పాను. తర్వాత 'అక్కడే ఉండు, కదలకు' అన్నారండి. అంతే.”

“కోపంగానా?”

“అదే తెలీటం లేదండి.”

ఆ గంటంబావు మాకు చాలా పొడుగ్గా గడిచింది. చపాతీలు విప్పి మళ్ళీ కట్టేశాం. ఏదో ఒక పని ఉండాలి కాబట్టి పడవకి గాలి కొట్టాం. ఆమె తొక్కుతుంటే నేను పైపు పట్టుకున్నాను. తర్వాత ఆమె నా గాలం కర్రని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టి, వట్టి దారం అడిగింది. దానికి సీసం గుండు, ముల్లు కట్టి, రొయ్య ఎరని ఒంపుగా గుచ్చే తీరు నాకు నేర్పింది. “తోక వైపు నుంచి గుచ్చాలండి. తల వైపు గుచ్చితే తిరిగిపోద్ది.”

తొమ్మిది అవుతుండగా తెల్లటి పెద్ద కారు వచ్చి ఆగింది. డ్రైవరు తలుపు తీస్తే డెబ్బై దాటిన ఆవిడ కర్ర ఊతగా దిగింది, రత్నం పనిచేసే ఇంటి పెద్దావిడ. ఉమ్ ఖాలిద్. రత్నం పరుగున వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఆవిడ ముందు పడవ దగ్గరికి వచ్చి, కర్రతో దాన్ని రెండు సార్లు పొడిచి చూసింది. తర్వాత రత్నం వైపు తిరిగి గట్టిగా, చాలా గట్టిగా తిట్టింది. ఆ తిట్లలో సముద్రం అన్న మాట లేదు, అబద్ధం అన్న మాటే మళ్ళీ మళ్ళీ వచ్చింది. అది నాకు కూడా అర్థమైంది. ఆఖరికి సంచిలోంచి కార్డు తీసి రత్నం చేతిలో కాకుండా నేరుగా అధికారి చేతిలో పెట్టింది.

“యల్లా” అంది మా ఇద్దరినీ చూసి, ఇక పదండి అని. డ్రైవరు ఇసుకలో కుర్చీ వేశాడు. ఆవిడ మేం తిరిగి వచ్చేదాకా కదలనన్నట్టు కూర్చుంది.

తొమ్మిదీ ఇరవైకి నీళ్ళలోకి దిగాం. రత్నం ముందు, నేను వెనక. రెండు వైపులా ఆకులున్న తెడ్డు ఆమెకి కొత్త. పది సార్లు వేసేసరికి నాకంటే బాగా వేసింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కింద ఇసుక, అక్కడక్కడ నల్లటి రాళ్ళు కనపడుతున్నాయి. ఆ రాళ్ళ అంచున ఆపమంది. దారం చూపుడు వేలి మీదుగా జారవిడిచి, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఆమె మోచేతుల నుంచి వేళ్ళ దాకా ఎక్కడా తొందర లేదు.

మొదటి చేప పదిహేను నిమిషాలకి పడింది. అరచేతికి కొంచెం పెద్దది, వెండి రంగు, రెక్కలు పసుపు. ఇక్కడ షేమ్ అంటారు. కొలత టేపు పెట్టి చూస్తే సరిపోయింది. రెండోది కూడా అదే. రత్నం నవ్వుతోందనుకున్నాను. ముందుకి వంగి చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది. నేను చూడనట్టు ఉండిపోయాను.

మూడోది బరువుగా లాగింది. పైకి వచ్చాక ఇద్దరం ఒక్కసారే అరిచాం. హమూర్. మార్కెట్లో మేం ధర అడిగి ముందుకి నడిచిపోయే చేప. టేపు పెట్టాను. కొలతకి రెండు వేళ్ళు తక్కువ. మళ్ళీ పెట్టాను. తోకని సవరించి పెట్టినా అంతే.

“పోనీలే రత్నం” అన్నాను. “ఎవరు చూస్తారు? ఏడాది పాటు నన్ను తిప్పారు. ఒక్క చేప.”

ఆమె అప్పటికే ముల్లు తీస్తోంది. పెదవి చిరగకుండా మెల్లగా తీసి, చేపని నీళ్ళలో రెండు చేతులతో పట్టుకుని, అది తోక కదిలించేదాకా ఉంచి వదిలింది.

“మా ఊళ్ళో రెండు నెలలు వేట నిషేధం ఉంటదండి, ఎండాకాలంలో. మొదట పెట్టినప్పుడు మా నాన్న రోజూ తిట్టేవోడండి. పడవ ఒడ్డున పెట్టుకుని ఏం తినాలని. నిజమే కదండి, ఇంట్లో పొయ్యి ఎలగని రోజులున్నాయి. తర్వాత నిషేధం అయ్యాక మొదటి రోజు వేటకెళ్ళి, వల లాగలేక పక్క పడవోళ్ళని కేకేశాడండి. అప్పట్నించీ తిట్లు తగ్గినియ్యి.” ముల్లుకి కొత్త రొయ్య గుచ్చింది. “పట్టొద్దంటే పట్టం. కానీ ఏ రోజు నుంచో ముందే సెప్పాలి కదండి. మా ఊళ్ళో టముకేసి సెప్తారు. ఇక్కడ ఎవరూ సెప్పరు, అదేనండి తప్పు.”

ఏడాదిగా నేను రెండు కోపాలని ఒకే మూటలో కట్టి మోస్తున్నానని అప్పుడు తెలిసింది. ఒకటి న్యాయమైనది, రెండోది వట్టి పంతం.

పదిన్నర దాటి ఉంటుంది. రత్నం దారం చుట్టడం మొదలుపెట్టింది. ఎందుకన్నాను. వాయవ్యం వైపు గడ్డం ఎత్తి చూపింది. ఇసుక రంగులో ఆకాశం అడుగున సన్నటి పట్టీ. దాని కింద నీళ్ళు ముదురు రంగులో గరుకుగా ఉన్నాయి.

“గాలి వస్తందండి. బేగి పదండి.”

నాకు ఇంకా అద్దంలాంటి నీళ్ళే కనపడుతున్నాయి. పది నిమిషాల్లో ఆ గరుకు మా పడవ కిందకి వచ్చేసింది. భూమి మీద నుంచి సముద్రం వైపు కొట్టే గాలి అది. నేను తీరంలో కుర్చీ వైపు సూటిగా తెడ్డు వేస్తున్నాను. వేస్తున్నంతసేపూ కుర్చీ అంతే దూరంలో ఉంది. ఒక్క క్షణం తెడ్డు ఆపితే వెనక్కి పోతున్నాం. గాలి పడవకి బరువు లేకపోవడం అంతవరకూ సుఖం అనుకున్నాను. అప్పుడు తెలిసింది దాని కష్టం. భుజాలు మండుతున్నాయి. “వెనక్కి పోతున్నాం రత్నం” అని అరిచాను. నా గొంతులో భయం రత్నానికి వినపడినట్టుంది.

“టీచర్ గారూ, అటు సూడకండి. ఆ సోటుకి మనం పోలేం. ఆ రాళ్ళ గోడ సివర సూడండి. గాలిని కొంచెం పక్కకి తీసుకుంటా దాని అవతలికి పోదాం. అవతల నీళ్ళు నిద్దరపోతా ఉంటాయి.”

“గోడకి కొట్టుకుంటే?”

“కొట్టుకోనివ్వను. నేను అన్నప్పుడు ఎడం వైపు గట్టిగా ఎయ్యండి. ముందు కిందకి జారి కూర్చోండి, పడవ అడుక్కంటా.”

ఆమె లెక్క పెడుతూ, నేను వేస్తూ వెళ్ళాం. ఒకటి, రెండు, ఆపు. ఒకటి, రెండు, ఆపు. అలలు పక్కనుంచి తన్ని ఒళ్ళో నీళ్ళు పోస్తున్నాయి. గోడ చివరి రాళ్ళు దగ్గరికొచ్చేసరికి వాటి మీద నీళ్ళు పగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. “ఇప్పుడు!” అని అరిచింది. ఉన్న బలమంతా పెట్టి ఎడమవైపు వేశాను. ముక్కు తిరిగింది. రాళ్ళు నా కుడి చేతికి రెండు గజాల దూరంలోంచి జారిపోయాయి. ఆ వెంటనే, ఎవరో తలుపు మూసినట్టు గాలి ఆగింది. గోడ అవతల నీళ్ళు నిజంగానే కదలకుండా ఉన్నాయి.

ఒడ్డుకి చేరేసరికి పదకొండుంబావు. ఇసుకలో చతికిలబడ్డాను. గోడ మీదుగా ముందు అధికారి, వెనక డ్రైవరు, ఆ వెనక కర్రతో ఉమ్ ఖాలిద్ వస్తున్నారు. అధికారి అప్పటికే పడవ పంపమని వైర్‌లెస్‌లో చెప్పాడట. మమ్మల్ని చూసి, వద్దని మళ్ళీ చెప్పాడు. ఉమ్ ఖాలిద్ వచ్చీ రాగానే రత్నం రెండు చెవులూ పట్టుకుని ఏదో అంది. తర్వాత తన పైగుడ్డ తీసి ఆమె తల తుడిచింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రత్నం మధ్యలో నాకోసం తెలుగులో చెబుతూ పోయింది.

“గాలిని ముందే ఎలా కనిపెట్టావని అడుగుతున్నారండి. నీళ్ళ రంగు బట్టి అని సెప్పాను. వాళ్ళ నాన్న కూడా అలాగే సెప్పేవారంట. ముత్యాల పడవ మీద పనిచేశారంట ఆయన. ఈవిడ సిన్నప్పుడు రోజూ ఒడ్డుకెళ్ళి ఎక్కించుకోమని ఏడ్చేవారంట. ఆడపిల్లలు పడవెక్కకూడదని ఎవరూ ఎక్కించుకోలేదంట.”

గస్తీ గది గోడ నీడలో కూర్చున్నాం. ఉమ్ ఖాలిద్ కారులోంచి ఖర్జూరాలు, గావా అనే అరబ్బు కాఫీ ఉన్న ఫ్లాస్కు తెప్పించింది. మేం చపాతీలు పెట్టాం. బంగాళాదుంప కూర కారమంది కానీ రెండోసారి వేయించుకుంది. అప్పుడే నాకు తలుపుకి అంటించిన కాయితం గుర్తొచ్చింది. “ఆవిడ చదివి పెడతారేమో అడుగు” అన్నాను.

అలా మొదలైంది. అధికారి కాయితం ఊడదీసి తెచ్చి ఇచ్చాడు. ఉమ్ ఖాలిద్ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివేది. రత్నానికి అరబిక్ చదవడం రాదు, వినడం వచ్చు. విన్నది తన తెలుగులో చెప్పేది. నేను డ్రైవరు ఇచ్చిన పుస్తకంలో రాసుకునేదాన్ని. సందేహం వచ్చిన చోట అధికారి ఇంగ్లీషులో సరిచేసేవాడు. ఏ చేప ఏ కాలంలో పట్టకూడదు, ఎంత కొలత ఉండాలి, ఎక్కడ గాలం వెయ్యకూడదు, ఒడ్డు నుంచి ఎంత లోపల ఉండాలి. పదకొండో వాక్యం దగ్గర రత్నం ఆగింది.

“టీచర్ గారూ, ఇంజను లేని సిన్న పడవలు ఒడ్డుకి దగ్గర్లో ఉంటే నంబరు అక్కర్లేదంటండి.”

“మళ్ళీ చదవమను.”

మళ్ళీ చదివింది. అధికారి తల ఊపాడు. “ఇది కొత్తది కాదు. ఎప్పటినుంచో ఉంది” అన్నాడు. ఏడాది పాటు నేను రెండు ఆఫీసుల మధ్య తిరిగిన విషయం చెబితే తల గోక్కున్నాడు. “మాకు కూడా అన్నీ ఒకేసారి తెలియవు. వచ్చే నెల మళ్ళీ మారొచ్చు. మారితే ఏం చేస్తారు?”

“మళ్ళీ వచ్చి చదివించుకుంటాం” అన్నాను. అతను నవ్వాడు. నేను రాసిన తెలుగు కాయితాన్ని ఫోటో తీసుకున్నాడు. శుక్రవారాల్లో తెలుగువాళ్ళు గాలాలతో వస్తుంటారు, తను చెప్పేది వాళ్ళకీ వాళ్ళు చెప్పేది తనకూ అర్థం కాదు, ప్రింటు తీసి దీని పక్కనే అంటిస్తానన్నాడు. ఇంగ్లీషులో కూడా ఒకటి రాసి పంపమని అడిగాడు.

రెండింటికి సామాను సర్దుకున్నాం. గాలి తీసిన పడవని మడుస్తుంటే ఉమ్ ఖాలిద్ దగ్గరుండి చూసింది, ఇంత పెద్దది అంత చిన్న సంచిలో ఎలా పడుతుందని. ఫహాహీల్ దాకా తన కారులో రమ్మంది. కారెక్కే ముందు అధికారి దగ్గర నుంచి తీసుకున్న తన కార్డుని రత్నం రెండు చేతులతో ఆవిడకి అందించింది. అలవాటు. ఆవిడ తీసుకోవడానికి చెయ్యి చాపింది కూడా. మళ్ళీ ఆపేసింది.

“ఖల్లీ ఇందిచ్” అంది. నీ దగ్గరే ఉంచుకో అని.

రత్నం అర్థం కానట్టు అలాగే పట్టుకుని నిలబడింది. ఆవిడ మళ్ళీ అంది, ఈసారి కొంచెం విసుగ్గా. అబద్ధాలు మాత్రం చెప్పకు అని కూడా అంది. రత్నం కార్డుని పర్సులో పెట్టుకుని జిప్పు వేసి, కారు కదిలాక మళ్ళీ జిప్పు తీసి చూసుకుంది.

మూడింటికి ఫహాహీల్‌లో నేను దిగిపోయాను. రెండు షేమ్‌లూ రత్నానికే ఇచ్చేశాను. ఆ ఇంట్లో ఆ రాత్రి గోదారి పులుసు వండబోతోందట. మూడుంబావుకి హవల్లీ వైపు వెళ్ళే బస్సు దొరికింది. సీటు మీద కూర్చున్నాక గానీ నా అరచేతులు బొబ్బలెక్కాయని తెలియలేదు. పక్క సీట్లో కర్నూలు ఆవిడ ఐసు పెట్టెలోకి తొంగి చూసి, “పొద్దన పోయి ఇంత సేపుండి, ఒక్క చాప కూడా ల్యాకనే వస్తాండావా?” అని జాలిపడింది. దొరికినవి ఇచ్చేశానని చెబితే నమ్మినట్టు లేదు.

ఎవరైనా నా వెనక ఖైరాన్ వెళ్తే రెండు మాటలు చెప్పాలి. పడవలో ఎక్కే ప్రతి మనిషీ అసలు కార్డు తీసుకెళ్ళండి. పదిన్నరకల్లా ఒడ్డుకి వచ్చేలా చూసుకోండి, వాయవ్యం వైపు ఒక కన్ను వేసి ఉంచండి. నిబంధనలు మళ్ళీ మారతాయి, నాకు ఆ సందేహం లేదు. మారినప్పుడు నాకు మళ్ళీ కోపం వస్తుంది కూడా. కాకపోతే ఇకమీదట ఇంట్లో కూర్చుని కోపగించుకోను. వెళ్ళి అడుగుతాను. రాసి ఉన్నదాన్ని చదివిపెట్టే మనిషి, చెప్పే మనిషి, రాసుకునే మనిషి ఒక చోట కూర్చుంటే ఒక్క పూటలో తేలిపోయే విషయానికి నేను ఏడాది పోగొట్టుకున్నాను.

బస్సు సాల్మియా దాటుతుండగా ఫోన్ మోగింది. రత్నం.

“టీచర్ గారూ, ఇంటికి సేరారాండి?”

“ఇంకో పది నిమిషాలు. అంతా బాగానే ఉందా?”

“బాగానే ఉందండి. మామా మిమ్మల్ని ఒక మాట అడగమన్నారండి.” గొంతు తగ్గించింది, నవ్వు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది. “ఆవిడ సైజుకి సరిపోయే లైఫ్ జాకెట్టు ఎక్కడ దొరుకుద్దీ అని.”